ఏడ్చే బిడ్డను దించినవాడు

ఆసుపత్రిలో నన్ను వెనకాల "ఏడుపు మేడం" అంటారు. నా ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. పిల్లల వార్డులో హెడ్ నర్సుని. బిడ్డతో ఇంటికి వెళ్ళబోయే ప్రతి కుటుంబానికీ ఏడుపు గురించి పాఠం చెప్పి పంపాలన్నది నా పట్టుదల. మొదట్లో మా పెద్ద డాక్టరుగారు "పసిపిల్లలు ఏడుస్తారని కూడా నేర్పాలామ్మా?" అని నవ్వారు. నేర్పాలి. ఏడుస్తారని అందరికీ తెలుసు, ఎంత ఏడుస్తారో ఎవరికీ తెలీదు. కడుపు నిండి, గుడ్డ పొడిగా ఉండి, జ్వరం లేకుండా, ఏ కారణమూ లేకుండా గంటలకు గంటలు ఏడ్చే బిడ్డలుంటారు. రెండో నెలలో ఆ ఏడుపు నెత్తికెక్కుతుంది, ఇంకో రెండు నెలల్లో దానంతటదే దిగిపోతుంది. అది బిడ్డ తప్పూ కాదు, కన్నవాళ్ళ తప్పూ కాదు. ఈ ముక్క ముందే చెవిన వేస్తే సగం గండం గడిచినట్టే.

మిగతా సగానికి నా దగ్గర ఒక ప్రశ్న ఉంది. తండ్రుల్ని వరసగా నిలబెట్టి అడుగుతాను. "తల పగిలిపోతోంది, బిడ్డ ఆపడం లేదు, నీకు ఒళ్ళు మండుతోంది. ఏం చేస్తావు?" జవాబు ఒక్కటే. బిడ్డను తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టాలి, చుట్టూ దిండూ దుప్పటీ లేకుండా చూడాలి, తలుపు దగ్గరగా వేసి బయటికి రావాలి. మనసు కుదుటపడ్డాక, మధ్యమధ్య, లోపలికి వెళ్ళి చూసుకోవాలి. బయటికంటే ఎక్కడికో కూడా నోటితో చెప్పిస్తాను. చోటు ముందే అనుకోనివాడికి ఆ వేళకు కాళ్ళు కదలవు. ఒకడు బాల్కనీ అంటాడు, ఒకడు వంటగది అంటాడు. మా తమ్ముడు "లిఫ్టులో" అన్నాడు. వాడు లిఫ్టు మెకానిక్కు. కొడుకు పుట్టిన సంబరంలో మనిషి కాస్త వెర్రిబాగులవాడై ఉన్నాడు.

"తలుపులు మూసుకుంటే నీకు ఏమీ వినపడదురా. మెట్ల మీద కూర్చో," అన్నాను.

"సరే అక్కా, మెట్ల మీదే," అన్నాడు బుద్ధిగా.

పిల్లాడికి రెండో నెల నడుస్తుండగా ఆ మెట్ల మీదే రభస జరిగింది. నాకు సెలవు, మధ్యాహ్నం బట్టలు ఆరేసుకుంటున్నాను. తమ్ముడి అత్తగారు ఫోను చేసింది. ఆవిడ కూతుర్ని చూడ్డానికని ఆ పూటే వచ్చింది. గొంతు చూస్తే ఫోను లేకపోయినా నాకు వినపడేలా ఉంది.

"అమ్మా, మీ తమ్ముడి ఘనకార్యం చూద్దువుగాని రా! పసిగుడ్డు లోపల గుక్కపట్టి ఏడుస్తుంటే, తలుపు లాగేసి, మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నా కూతురు మందుల షాపుకెళ్ళిందట, ఈయనగారు కాపలా! నేను పిల్లనీ పిల్లాణ్ణీ తీసుకుని మా ఇంటికి పోతున్నాను."

"వస్తున్నాను పిన్నిగారూ. నేను వచ్చేదాకా గడప దాటకండి."

తమ్ముడుండే ఇంటికి వెళ్ళేసరికి కింద లిఫ్టుకి "పని చేయదు" అని అట్టముక్క వేలాడుతోంది. లిఫ్టులు బాగుచేసేవాడి ఇంటికి మూడంతస్తులు కాళ్ళీడ్చుకుంటూ ఎక్కాను. మూడో అంతస్తు మలుపులో వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. చొక్కా భుజం పాల మరకలతో తడిసి ఉంది. ఎదురింటి తలుపు జానెడు తెరుచుకుని, నన్ను చూసి మూసుకుంది.

"ఏరా, ఏం చేశావు?"

"నువ్వు చెప్పిందే చేశానక్కా. పాలు పట్టాను, గుడ్డ మార్చాను, ఒళ్ళు వేడుందేమో చూశాను. భుజాన వేసుకుని గదంతా తిప్పాను. వాడు చెవిలో ఒకటే ఏడుపు. కాసేపటికి నా చేతులు బిగుసుకున్నాయి. వాడి నడుం పట్టుకున్న చేతులే. నాకే తెలిసింది." తమ్ముడు చేతులు చూసుకున్నాడు. "మా పనిలో లిఫ్టు ఇరుక్కుంటే మొదట మెయిన్ స్విచ్చి ఆపి బయటికి వచ్చెయ్యాలి. అక్కడే నిలబడి పీకులాడితే చెయ్యి పోతుంది. అందుకే పడుకోబెట్టి వచ్చేశాను. మధ్యలో వెళ్ళి చూశాను కూడా. మళ్ళీ వెళ్ళాలని ఫోనులో టైము పెట్టుకున్నాను. ఇంతలో అత్తయ్యగారు వచ్చారు."

మీసాలున్న మగాడని చూడకుండా వాణ్ణి అక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది. నా పాఠం విని తలూపినవాళ్ళు కోకొల్లలు. చేతులు బిగుసుకున్న క్షణాన్ని పట్టుకుని, ఆ చేతుల్లోంచి బిడ్డను దించినవాణ్ణి ఎదురుగా చూడటం నాకిదే మొదలు. బంగారం లాంటి పని చేశావురా అని అనబోతున్నాను.

"ఇంకెప్పుడూ దించనక్కా," అన్నాడు. "బిల్డింగంతా బయటికొచ్చి నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూసింది. చచ్చినా దించను."

వాడు అన్నంత పనీ చేస్తాడు. మళ్ళీ ఏదో ఒక మధ్యాహ్నం ఆ చేతులు బిగుసుకుంటాయి, అప్పుడు వీడికి నా పాఠం గుర్తు రాదు, అత్తగారి కేకలు గుర్తొస్తాయి. ఆ కేకల్ని ఇవాళే, ఈ ఇంట్లోనే వెనక్కి తీయించకపోతే నా మేనల్లుడి తలకు భద్రత లేదు. చెంగు బిగించి లోపలికి నడిచాను.

ముందు గది మధ్యలో సంచి నోరు తెరుచుకుని ఉంది. మా మరదలు నేల మీద కూర్చుని పిల్లాడి బట్టలు మడత పెడుతోంది. తల ఎత్తలేదు. పిన్నిగారు మనవణ్ణి భుజాన వేసుకుని కిటికీకీ తలుపుకీ మధ్య పచార్లు చేస్తోంది. వాడు ఏడ్చి ఏడ్చి అలిసి, ఎక్కిళ్ళు పెడుతున్నాడు.

"నలుగుర్ని కన్నానమ్మా నేను," అంది నన్ను చూడగానే. "ఒక్కరిని కూడా ఏడుస్తుంటే కింద పెట్టలేదు. మా ఇళ్ళలో ఆ అలవాటు లేదు."

"కాదనను. అప్పుడు మీ ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్ళు పిన్నిగారూ?"

"ఎంతమందేమిటి! మా అత్తగారు, తోటికోడలు, ఇద్దరాడపడుచులు, పురుటికి వచ్చి వెళ్ళే మా అమ్మ. ఇల్లు సంతలా ఉండేది."

"పిల్లాడు ఏడుపు ఆపకపోతే?"

"ఒకరు కాకపోతే ఒకరు అందుకునేవాళ్ళం."

"అదీ సంగతి. మీకు విసుగు పుట్టేలోపే చెయ్యి మారేది. మీరు దించలేదు, అందించారు. ఈ రెండు గదుల్లో మధ్యాహ్నం పూట మా తమ్ముడు ఎవరికి అందించాలి? గోడకా, ఫ్రిజ్జుకా?"

పిన్నిగారు నోరు తెరిచి మూసుకుంది. ఆవిడ నోరు మూయించడం అంత తేలికేమీ కాదు, కాబట్టి ఆ సందు వదల్లేదు. దగ్గరికి వెళ్ళి వాడి మెడ వెనక చెయ్యి పెట్టాను.

"ఈ తల చూడండి. ఒంటికి మించిన బరువు. మెడకింకా బలం రాలేదు. లోపల మెదడు మెత్తగా ఉంటుంది, దాని పైన సన్నటి నరాల్లో నెత్తురు పారుతుంటుంది. కోపంలో పట్టుకుని గట్టిగా కుదిపితే తల ముందుకీ వెనక్కీ కొట్టుకుని ఆ నరాలు తెగుతాయి. పైకి గీత కూడా పడకపోవచ్చు. పిల్లాడు వాంతి చేసుకుంటాడు, మగతగా పడుంటాడు, పాలు తాగడు. ఇంట్లోవాళ్ళు అజీర్తి అనుకుంటారు. ఫిట్స్ వచ్చాక మా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కొందరు దక్కరు. దక్కినవాళ్ళలో కొందరికి చూపుండదు, కొందరు నడవరు."

"ఛీ ఛీ, పసివాడి ముందు ఏం మాటలవి! భుజాన వేసి జోకొట్టడానికి కూడా భయపడాలా ఏం?"

"జోకొడితే రాదు, ఉయ్యాల ఊపితే రాదు. చేసినవాడికే తెలిసేంత గట్టిగా కుదిపితే వస్తుంది."

"అలా చేసేది రాక్షసులమ్మా. మనుషులు చెయ్యరు."

"మా వార్డుకి ఇంతవరకు ఒక్క రాక్షసుడు కూడా రాలేదు పిన్నిగారూ. అందరూ నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డ మనుషులే. తొట్టిలో పడుకున్న బిడ్డ ఏడిస్తే గొంతు నొప్పి పుడుతుంది, అంతే. మీ అల్లుడు భయపడాల్సిన చోట భయపడ్డాడు. ఆయన్ని పిలిచి మంచి పని చేశావు నాయనా అనండి. నలుగురూ వినేలా తిట్టారు కాబట్టి తలుపు తెరిచే అనండి."

ఆవిడ ముఖంలో కోపం కాస్త సడలింది గానీ, ఓడిపోయానని ఒప్పుకునే రకం కాదు. "సర్లే, నా చెయ్యి పీకుతోంది. ఇదిగో, వీణ్ణి పట్టుకో," అని మనవణ్ణి కూతురికి అందించబోయింది.

మరదలు అందుకోలేదు. మడతపెట్టిన చొక్కాని విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"ఎత్తుకోవేమే?"

"చేతులు ఖాళీ లేవమ్మా."

చేతుల్లో ఉన్నది అరచేతంత చొక్కా. నేను వార్డులో తల్లుల చేతులు చూసే బతుకుతున్నాను. బిడ్డ దగ్గరికి రాగానే ఆ రెండు చేతులూ ఒళ్ళోకి వెనక్కి పోవడం చూశాను. అప్పటిదాకా నా గొంతులో ఉన్న జోరంతా పోయింది. పిల్లాణ్ణి నేనే అందుకుని ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

"కంటినిండా పడుకుని ఎన్నాళ్ళయింది?" అన్నాను.

మరదలు చాలా మామూలుగా, ఇంట్లో చక్కెర అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

"ఆయన దించారు వదినా. నేను దించలేదు."

గుమ్మంలో తమ్ముడు వచ్చి నిలబడ్డాడు.

"నిన్న పొద్దున. ఆయన పనికి వెళ్ళాక. ఎత్తుకున్నా ఏడుపే, పాలిచ్చినా ఏడుపే. మంచి తల్లులు దించరని దించలేదు. ఇక్కడ, చంకల కింద పట్టుకుని, ఆపరా అని కుదిపాను. రెండుసార్లో మూడుసార్లో. తల వెనక్కి పోయింది వదినా. వాడు ఏడుపు ఆపేశాడు." అప్పుడామె గొంతు విరిగింది. "ఆపేశాడు. హమ్మయ్య అనుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను వదినా."

ఆ మాట నాకు తెలుసు. కుదిపితే బిడ్డ నోరు మూసుకోవడం మెదడుకు దెబ్బ తగిలి కావచ్చు. అది ఊరట అనుకుని మళ్ళీ అదే పని చేసిన ఇళ్ళు ఉన్నాయి. మేమందరం మెట్ల మీద కూర్చున్నవాణ్ణి నిలదీస్తున్నాం, గండం ఈ గదిలో బట్టలు మడతపెడుతోంది.

పిల్లాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టి చూశాను. మాడు ఉబ్బలేదు. వేలు చూపిస్తే కళ్ళు వెంట వచ్చాయి. కాళ్ళూ చేతులూ రెండు పక్కలా ఒకేలా కదులుతున్నాయి. వాంతులు లేవంది, పాలు తాగుతున్నాడంది. గుండె కొంత నిలకడపడింది, పూర్తిగా కాదు. ఈ చూపుతో లోపలిది తెలియదు.

"లేవండి. ఆసుపత్రికి," అన్నాను.

"ఇప్పుడు బాగానే ఉన్నాడుగా?" అంది పిన్నిగారు. ఆవిడ గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, ఎవరు మాట్లాడారా అని చూశాను. కాసేపటి క్రితం రాక్షసులు అన్నది ఆవిడే. ఇప్పుడు కూతురి వైపు చూడలేక గోడ వైపు చూస్తోంది.

తమ్ముడు వచ్చి భార్య ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏమంటాడోనని నాకు భయం వేసింది. "మెయిన్ ఆపి బయటికి రమ్మని నాకు చెప్పారు," అన్నాడు. "నీకెవరు చెప్పారు?"

వాడు నన్ను ఏమీ అనలేదు. కానీ ఆ ప్రశ్న తిన్నగా వచ్చి నాకే తగిలింది. ఆ రోజు తండ్రులందర్నీ నిలబెట్టి అడిగాను, మంచం మీద కుట్ల నొప్పితో మూలుగుతున్న తల్లిని "నువ్వు పడుకోమ్మా, నీకు తెలియనిదేముంది" అన్నాను. నువ్వెక్కడికి వెళ్ళి కూర్చుంటావమ్మా అని మేము ఏ తల్లినీ అడగలేదు. దీపం కిందే చీకటంటే ఇదే. సరే, ఆ చీకటిని రేపటినుంచి ఉండనివ్వను అనుకున్నాను. ఇవాళ చేయాల్సింది ఇవాళ ఉంది.

టాక్సీలో పిన్నిగారు నా చెవి దగ్గరికి జరిగింది. "మంచం మీంచి పడ్డాడని చెబుదామమ్మా. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. దాన్ని ఏం చేస్తారో ఏమో, పిల్లాణ్ణి లాక్కుంటారేమో."

"పడ్డాడంటే వాపుల కోసం వెతికి ఇంటికి పంపేస్తారు. కుదిపామంటే మెదడూ కళ్ళూ చూస్తారు. మీకు ఏది కావాలి?"

"నువ్వు అక్కడ పెద్దదానివి కదా, నువ్వు చెబితే..."

"నేను చెప్పినా అడగడం మానరు, మానకూడదు. ప్రశ్నలు వేస్తారు, ఇంటికి మనిషిని పంపుతారు. వాళ్ళు వస్తే మనకే మంచిది పిన్నిగారూ."

ముందు సీట్లో తమ్ముడు ఒళ్ళో బిడ్డతో కూర్చున్నాడు. మరదలు కిటికీ వైపు తిరిగి ఉంది. మా గుసగుసలు ఆమెకు వినపడ్డాయో లేదో తెలీలేదు. నేను చెప్పడం వేరు, ఆమె చెప్పడం వేరు. ఆమె నోటితో వస్తేనే తర్వాత సాయం అడిగే నోరుంటుంది. అందుకని నోరు కట్టుకుని కూర్చున్నాను. నన్నెరిగినవాళ్ళు ఈ మాట నమ్మరు.

పిల్లల డాక్టరు నా కంటే చాలా చిన్నది, ఓపికైన మనిషి. పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టుకుని, "ఏమైందమ్మా?" అంది.

"అదీ, డాక్టరుగారూ, మంచం మీంచి..." అని పిన్నిగారు అందుకుంది.

"పడలేదు," అంది మరదలు. గొంతు వణికింది గానీ మాట వణకలేదు. "వాడు పడలేదు డాక్టరుగారూ. ఏడుపు ఆపడం లేదని నేనే కుదిపాను. నిన్న పొద్దున. తల వెనక్కి పోయింది. చూడండి, వాడికేమైనా అయిందేమో చూడండి."

డాక్టరు ముఖం చిట్లించలేదు. చేతిలో టార్చి పక్కన పెట్టి, ఆమె కళ్ళలోకి చూసి, "చెప్పారు కాబట్టి ఏం చూడాలో మాకు తెలిసింది," అంది. ఆ అమ్మాయిని నేను అంతకుముందు చిన్న విషయాలకు చాలాసార్లు విసుక్కున్నాను. ఇక విసుక్కోను.

తలకు స్కాను తీశారు. రక్తం సరిగా గడ్డకడుతుందో లేదో చూశారు. ఎముకలకు ఎక్స్‌రే తీశారు. కంటి డాక్టరు వచ్చి చుక్కలు వేసి, కంటిపాప విప్పారాక, లోపలి పొరలో నెత్తురు చుక్కలున్నాయేమోనని అద్దంతో వెతికింది. నన్ను మాత్రం నా వార్డు బయటే కూర్చోబెట్టారు. సొంతవాళ్ళ కేసులో సిబ్బంది వేలు పెట్టకూడదని రూలు. ఆ రూలు పట్టుబట్టి పెట్టించింది నేనే, ఎవరిని తిట్టను?

సాయంత్రానికి డాక్టరే బయటికి వచ్చింది. తలలో నెత్తురు లేదు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఎముకలు బాగున్నాయి. ఒకటి రెండు రోజులు కళ్ళముందు ఉంచుకుంటామంది. తమ్ముడు గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఏడ్చే మగాణ్ణి నమ్మొద్దంటారు గానీ, నేను మాత్రం వాణ్ణి ఆ పూట లోకంలో అందరికంటే ఎక్కువ నమ్మాను.

మరునాడు కుటుంబాలతో మాట్లాడే ఉద్యోగిని వచ్చి మరదలితో వేరుగా, తమ్ముడితో వేరుగా చాలాసేపు కూర్చుంది. ఇంటికి వస్తూ పోతూ ఉంటానని ఉన్నదున్నట్టు చెప్పింది. మరదలికి నిద్రలేమి ఒక్కటే కాదు, కాన్పు తర్వాత కమ్మే దిగులు కూడా ఉందని, దానికి వైద్యం ఉందని డాక్టరు చెప్పింది. పిన్నిగారు ఇదంతా మూలన నిలబడి వింది. అల్లుడు పక్కనుంచి వెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపి, "మెట్ల మీద నిన్ను అన్నవన్నీ తప్పు మాటలు నాయనా," అంది. వాడు కంగారుపడి "అయ్యో అత్తయ్యగారూ" అన్నాడు. నాకు కావలసింది అదే, నేను అడిగి తీసుకోవాల్సిన పని లేకుండా దొరికింది.

కాసేపటికి మేనల్లుడు మళ్ళీ అందుకున్నాడు. వార్డు పైకప్పు లేచిపోయేలా ఏడుపు. మరదలు ఎత్తుకుంది, పాలిచ్చింది, భుజాన వేసుకుని మంచాల మధ్య నడిచింది. ఊహూ. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారు. ఆమె మెడ ఎర్రబడటం చూశాను. నేను లేచి అందుకోవచ్చు. లేవలేదు.

ఆమె నడక ఆపింది. బిడ్డను తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టింది. పక్కనున్న దుప్పటి తీసేసింది. తొట్టి కడ్డీ పైకి లాగి, గట్టిగా పడిందో లేదో ఒకసారి కదిపి చూసింది. ఎవరి వైపూ చూడకుండా వార్డు దాటి కారిడార్లోకి వెళ్ళి, బల్ల మీద కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. తలుపు అద్దంలోంచి ఆమె భుజాలు కదలడం కనిపిస్తోంది.

పిన్నిగారు ఒక్క ఉదుటున లేచింది. ఆవిడ రెండు చేతులూ తొట్టిలోకి వెళ్ళాయి. నలుగుర్ని దించకుండా పెంచిన చేతులు, అవి ఆగుతాయని నేను అనుకోలేదు. మనవడి పొట్ట మీద ఒక్క క్షణం ఆనించి, వెనక్కి తీసుకుంది.

"వీడి దగ్గర నువ్వుంటావా?" అని అడిగింది నన్ను.

"ఉంటాను."

"అయితే నేను వెళ్తాను," అంది చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "బయట నా పిల్ల ఏడుస్తోంది."